అయిలి రాసిన ఏడో జవాబు

హేనలాహ్తి ఊరి శీతకాలపు ఈతగాళ్ల సంఘానికి సరస్సు ఒడ్డున ఆవిరి స్నానాల సౌనా ఒకటి ఉంది. సౌనా ముందు చెక్కరేవు, రేవు చివర మంచును కోసి తీసిన మడుగు, మడుగులోకి దిగడానికి ఇనుప నిచ్చెన ఉన్నాయి. ముప్పై ఎనిమిది మంది సభ్యులున్నారు. ఒక బ్లాగు కూడా ఉంది. ఇన్నింటిలోనూ నిజంగా గడ్డకట్టుకుపోయింది ఆ బ్లాగొక్కటే. మడుగు గడ్డకట్టకుండా అడుగున ఒక మోటారు నీళ్లను కదుపుతూ ఉంటుంది. బ్లాగును కదపడానికి అయిలి ఉంది.

అయిలికి డెబ్బై రెండేళ్లు. అరవై ఎనిమిదో ఏట గ్రంథాలయంలో కంప్యూటరు తరగతికి వెళ్లి, ఏ అక్షరం ఏ మీట కింద దాక్కుందో నేర్చుకుంది. ఆ సంగతి ఒకసారి కాఫీ దగ్గర నోరు జారింది. మర్నాటికల్లా బ్లాగు ఆమె నెత్తిన పడింది. అప్పటినుంచి నెలకోసారి నీళ్లెంత చల్లగా ఉన్నాయో, మోటారు బాగుందో లేదో రాస్తూ వస్తోంది. చదివేవాళ్లు నలుగురు. అందులో రెండుసార్లు లెక్కకొచ్చేది ఆమే, తప్పులు వెతుక్కోవడానికి.

అక్టోబరు సమావేశంలో అధ్యక్షుడు తౌనో లేచి నిలబడ్డాడు. తౌనో లేచి నిలబడ్డాడంటే ఏదో ఉపద్రవం అన్నమాట. మామూలుగా అయితే కూచునే తల ఊపుతాడు.

"పక్క ఊరి సంఘం బ్లాగు చూశాను," అన్నాడు. "వాళ్లకి 'తరచుగా అడిగే ప్రశ్నలు' అని ఒక పేజీ ఉంది. మనకి లేదు."

"మనల్ని ఎవరూ ఏమీ అడగరుగా," అంది ఇర్మెలి. ఇర్మెలి సంఘం కార్యదర్శి, అయిలికి పక్కింటావిడ.

"వాళ్లనీ అడిగుండరు. అయినా ఉంది."

ఇర్మెలి ఆ మాటను సమావేశం పుస్తకంలో రాసుకుంది.

"కొత్తవాళ్లు రావట్లేదు," తౌనో ఊపిరి తీసుకున్నాడు. ఇంత పొడుగు ఉపన్యాసం అతను తన పెళ్లిలో కూడా ఇచ్చి ఉండడు. "భయం వల్ల. భయం పోయేట్టు రాయాలి. అయిలీ, నువ్వు రాసెయ్. లోపలికి దిగేవాళ్లకే కదా తెలిసేది."

అయిలి తల ఊపింది. ఊపిన తల మళ్లీ పైకెత్తడానికి కొంచెం సేపు పట్టింది. ఎందుకంటే అయిలి ఆ మడుగులో ఏనాడూ దిగలేదు.

ఆమె దిగుతుందన్న నమ్మకం అబద్ధం చెప్పడం వల్ల వచ్చింది కాదు. ఆమె భర్త రెయినో ఆ మోటారు చూసుకునేవాడు. అతను రేవు మీద చలిలో మోటారుతో కుస్తీ పడుతుంటే, అయిలి లోపల పొయ్యిలో భూర్జ కట్టెలు వేసి సౌనా వేడి చేసేది, కాఫీ కాచేది. రెయినో పోయాక మోటారు ఇంకొకరికి వెళ్లింది, పొయ్యి మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. మంగళవారం సాయంత్రం ఒక జట్టు వచ్చేది, ఆదివారం ఉదయం ఇంకో జట్టు. పొయ్యి రెండు జట్లకీ ఒకటే కాబట్టి అయిలీ రెండు జట్లకీ ఒకటే. ఆమె ఆదివారం దిగుతుందని మంగళవారం వాళ్లు అనుకున్నారు. మంగళవారం దిగుతుందని ఆదివారం వాళ్లు అనుకున్నారు. ఆవిరి గదిలోంచి బయటికొచ్చాక స్నానాల గదిలో బకెట్టు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, తడి జుట్టుతో కాఫీ పోస్తుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. అలా పదకొండేళ్లు గడిచిపోయాయి.

ఒక్కసారి మాత్రం, యాభయ్యో ఏట, రెయినో బతిమాలితే కాలి బొటనవేలు ముంచింది. అప్పుడామె పెట్టిన కేకకి అవతలి ఒడ్డున బాతులు లేచిపోయాయని రెయినో చచ్చేదాకా చెప్పుకున్నాడు.

ఇప్పుడు చెప్పేస్తే? రెండువారాలు ఆ ఆలోచనే ఆమెను తినేసింది. ఈతగాళ్ల సంఘంలో ఈదనిదానికి చోటేమిటి? పొయ్యి ఎవరైనా వెలిగిస్తారు. ఆ పొయ్యి పక్కన బల్ల తప్ప, ఈ ఊళ్లో ఆమె కోసం ఎదురుచూసే బల్ల ఇంకొకటి లేదు. ఇంట్లో ఉన్న బల్లలకి ఆమె వచ్చినా రాకపోయినా ఒకటే. కాబట్టి నోరు మూసుకుని ప్రశ్నలు వెతకడం మొదలుపెట్టింది.

నిజాయితీగానే మొదలుపెట్టింది. చిన్న పుస్తకం పట్టుకుని పొయ్యి పక్కన కూచుని, ఎవరు ఏం అడిగినా రాసుకుందామని చెవులు రిక్కించింది. నాలుగుసార్లు సౌనా వేడి చేస్తే దొరికిన ప్రశ్నలు రెండు. మొదటిది: ఈ కాఫీ ఇవాళ్టిదేనా? రెండోది: నా టోపీ చూశావా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. హేనలాహ్తిలో మాత్రం అడగకపోయినా పెడతారు, అడిగితేనే ఒంట్లో బాలేదేమోనని చూస్తారు.

ఇంక లాభం లేదని వంటింటి బల్ల దగ్గర కూచుని ప్రశ్నలు తనే పుట్టించింది. మొదటిదానికి గంట పట్టింది. 'నీళ్లు చల్లగా ఉంటాయా?' ఇంత తెలివైన ప్రశ్న అడిగేవాడు సరస్సుకే కాదు, గుమ్మం దాటి ఎక్కడికీ వెళ్లకూడదని తనే నవ్వుకుంది. కానీ జవాబు రాశాక ఏమైందో ఏమో, చెయ్యి ఆగలేదు. చూసినవాళ్లు ఒకటి రెండు మాటలే చెప్పగలరు. చూడనివాళ్లకి హద్దేముంది?

మూడో జవాబులో ఇలా రాసింది: 'మొదట వేయి సూదులు గుచ్చినట్టుంటుంది. ఆ తర్వాత, అప్పుడే పొయ్యిలోంచి తీసిన తియ్యరొట్టెను చేతిలో పట్టుకున్నట్టు, లోపల్నుంచి వెచ్చదనం పుడుతుంది.' ఐదో జవాబులో: 'కొత్తవారి కంటే అనుభవజ్ఞులు ముందు దిగాలి. ముప్పై సెకన్లు ప్రశాంతంగా ఊపిరి తీసుకోవాలి. అరవకూడదు.' అరవకూడదన్న మాట కింద గీత కూడా గీసింది. బాతుల్ని తలుచుకుని కాబోలు.

ఆరు జవాబులయ్యాక తన గొంతు తనకే నచ్చడం మొదలుపెట్టింది. బయట నవంబరు వాన. కాఫీ రెండో కప్పు. ఏడో ప్రశ్న దానంతటదే వచ్చింది.

'ఒక్కర్తినీ రావాలంటే భయంగా ఉంది. ఏం చెయ్యను?'

'ఆదివారం ఉదయం పదింటికి రండి. అయిలి ఎవరని అడగండి. పొయ్యి పక్కనే ఉంటుంది. మీతోపాటు నీళ్లలోకి దిగుతుంది, పైకొచ్చేదాకా చెయ్యి పట్టుకుంటుంది.'

రాసి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఇది రాయడంలో ప్రమాదమేమీ లేదని గట్టిగా నమ్మింది. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గరికి వెళ్లి, నాకు భయంగా ఉంది, చెయ్యి పట్టుకో అని అడిగేవాళ్లు ఈ చుట్టుపక్కల పుట్టలేదు. మరి ఎందుకు రాసినట్టు? అదీ ఆమెకి తెలియలేదు. మొత్తం పదిహేను ప్రశ్నలు పూర్తిచేసి బ్లాగులో పెట్టేసింది.

తౌనో చదివి, "బావుంది," అన్నాడు. ఆ ఒక్క మాటతో అయిలి వారంరోజులు గాల్లో తేలినట్టు నడిచింది.

జనవరి మూడో ఆదివారం. బయట మైనస్ పద్నాలుగు డిగ్రీలు. అయిలి పొయ్యి ఎగదోసి కాఫీ నీళ్లు పెడుతుండగా తలుపు తీసుకుని ఒకావిడ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. ఎర్రటి టోపీ, చేతిలో మడతపెట్టిన కాగితాలు. వచ్చీరావడంతోనే గదిలో ఉన్న ఆరుగురికీ వినపడేలా అడిగింది.

"అయిలి గారంటే ఎవరండీ?"

ఆరు వేళ్లు ఒకేసారి అయిలి వైపు లేచాయి.

"అమ్మయ్య, మీరేనా! ఫొటో పెట్టలేదేంటండీ బ్లాగులో? నా పేరు మార్కెత్తా. నలభై కిలోమీటర్లు, దారి పొడుగునా మంచే. అన్నీ అచ్చు తీసుకొచ్చాను, ఇదుగో. ఏడోది పసుపు రంగు పూసి పెట్టుకున్నాను. ఈ బట్టలెక్కడ తగిలించాలి? కాఫీ ముందా తర్వాతా? ఆ మోటారు షాకు కొట్టదు కదా?"

గదిలో అందరూ ఒకేసారి తమ తువ్వాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఒక్క నిమిషంలో అన్ని ప్రశ్నలు ఆ గోడలు ఎన్నడూ వినలేదు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు తౌనో. అది ప్రశ్నే అని తెలుసుకుని తనే ఉలిక్కిపడ్డాడు.

"మా అమ్మ కరేలియా మనిషి."

"అదీ సంగతి," అన్నాడు, రోగమేంటో తేలిపోయిన వైద్యుడిలా. తూర్పున కరేలియా వాళ్లకి మాటలెక్కువని పేరు.

"సౌనాలో గారూ మీరూ ఏంటి తల్లీ," అంది ఇర్మెలి. "ఆ చెమటకి అవి నిలవవు. నువ్వు అను చాలు."

ఆవిరి గదిలో మెట్టు మెట్టుకీ మనుషులు కూచున్నారు. అయిలి పొయ్యి మీద కాలిన రాళ్లపై నీళ్లు చిలకరించింది, మామూలు కంటే రెండు గరిటెలు ఎక్కువే. ఆవిరి దట్టంగా ఉంటే మొహం కనపడదని ఆమె ఆశ. మార్కెత్తా వచ్చి ఆనుకుని కూచుంది.

"అయిలీ, మొదటిసారి దిగినప్పుడు నీకెలా అనిపించింది?"

పదకొండేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. పై మెట్టు మీద తౌనో దగ్గబోయి ఆపుకున్నాడు.

"వేయి సూదులు గుచ్చినట్టు," అంది అయిలి. "ఆ తర్వాత తియ్యరొట్టె..."

"అది రాశావు కదా, నాకు కంఠతా వచ్చు. రాయనిది చెప్పు."

అయిలి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. రాసినదంతా అక్కడితో సరి. రాయనిది ఏముంది గనక?

"కాఫీ పొంగుతుందేమో, చూసొస్తా," అని లేచింది.

"కాఫీ నేను పెడతాలే," అన్నాడు తౌనో పై నుంచి.

తౌనోకి కాఫీ డబ్బా ఏ అరలో ఉంటుందో కూడా తెలీదని అందరికీ తెలుసు. అయినా ఎవరూ నవ్వలేదు.

"పొయ్యిలో కట్టెలు..."

"నేను చూసుకుంటా," అంది ఇర్మెలి. "వెళ్లు. ఆ పిల్ల ఎదురుచూస్తోంది." అరవై ఏళ్ల మార్కెత్తాని పిల్ల అనేసి, తన ఉన్ని చేతితొడుగులు తీసి అయిలి ఒళ్లో పడేసింది. "పొడివే."

వీళ్లందరికీ ఏమైందని అయిలి మనసులో తిట్టుకుంది. రోజూ ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టని మనుషులు, సరిగ్గా ఇవాళే దయగా ఉండాలా?

రేవు మీద అడుగు పెడితే చలి మోకాళ్లలోంచి పళ్లలోకి పాకింది. ఈత దుస్తులు, ఉన్ని టోపీ, ఇర్మెలి చేతితొడుగులు, కాళ్లకి రబ్బరు చెప్పులు. డెబ్బై రెండేళ్ల వయసులో ఈ వేషం. రెయినో చూస్తే మోటారు ఆపేసి మరీ నవ్వేవాడు. మడుగులో నీళ్లు నల్లగా, నూనెలా మెల్లగా కదులుతున్నాయి. నిచ్చెన కడ్డీల మీద మంచు మెరుస్తోంది.

"నువ్వు ముందు," అంది మార్కెత్తా. "ఐదో జవాబు."

తమ గొయ్యి తామే తవ్వుకుంటారని వినడమే గానీ, దానికి నిచ్చెన కూడా తనే వేసుకున్న మనిషిని అయిలి ఇంతవరకూ చూడలేదు. ఒక కడ్డీ పట్టుకుంది. వదిలేసింది. మళ్లీ పట్టుకుంది. పక్కన మార్కెత్తా కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి. ఆమె చెయ్యి ముందుకు చాచి ఉంది, పసిపిల్ల రోడ్డు దాటడానికి చాచినట్టు. ఆ చెయ్యి చూశాక అయిలికి ఇంక వల్ల కాలేదు.

"నేను ఇందులో ఎప్పుడూ దిగలేదు," అంది.

"ఏంటీ?"

"ఒక్కసారి కూడా. బొటనవేలు తప్ప."

మార్కెత్తా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"మరి ఆ సూదులు?"

"ఊహించాను."

"తియ్యరొట్టె?"

"ఆరోజు పొద్దున్న చేశాను. ఇల్లంతా వాసన ఉంది."

"ఏడోది? అదీ ఊహేనా? నేను ఆ కాగితం దిండు కింద పెట్టుకున్నానమ్మా రెండు వారాలు!"

అయిలి నీళ్ల వైపు చూస్తూ చెప్పింది. "అది ఊహ కాదు. ఇరవై రెండేళ్లుగా ఎవరైనా నాకు అలా రాసిపెడితే బాగుండని అనుకున్నాను. ఎవరూ రాయలేదు. నేనే రాసుకున్నాను. నా పేరు మాత్రం చెయ్యి పట్టుకునే వైపు పడింది."

మార్కెత్తా ఎర్ర టోపీని చెవుల మీదికి లాక్కుంది.

"అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు, ఇందుకే," అంది. "సరే. నలభై కిలోమీటర్లు వచ్చాను. ఊరికే పోను. నువ్వు వస్తావా, రావా?"

అది చాలా సూటి ప్రశ్న. దానికి పదిహేనింటిలో ఎక్కడా జవాబు లేదు.

అయిలి చెయ్యి పట్టుకుంది. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో చెప్పడం కష్టం. మొదటి మెట్టుకి చీలమండలు పోయాయి. రెండో మెట్టుకి మోకాళ్లు. మూడో మెట్టు దగ్గర అయిలి 'అరవకూడదు' అన్న గీతను గుర్తు తెచ్చుకుంది. నాలుగో మెట్టుకి అరిచింది.

మామూలు అరుపు కాదది. సరస్సు అవతల చర్చి దగ్గర ఎవరిదో కుక్క మొరగడం మొదలుపెట్టింది. సూదులూ లేవు, తియ్యరొట్టే లేదు. నీళ్లు మెడదాకా వచ్చినప్పుడు ఆమెకి తన పేరు గుర్తు లేదు, రెయినో పేరు గుర్తు లేదు, ఇంటి తాళం వేసిందో లేదో ఒక్కటే గుర్తుకొచ్చింది. వేసింది. తరవాత మార్కెత్తా కూడా అరిచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అరుచుకున్నారు, సంతలో బేరం కుదరని వాళ్లలా. ముప్పై సెకన్లు కాదు, నాలుగు. ఐదేమో. ఎవరు ముందు పైకెక్కారో ఇద్దరికీ తెలీదు. చెయ్యి మాత్రం వదల్లేదు. అందువల్లే నిచ్చెన మీద ఇరుక్కుపోయి ఇంకో మూడు సెకన్లు అదనంగా గడిపారు.

రేవు మీద నిలబడ్డాక ఒళ్లంతా ఎర్రగా, పొగలు కక్కుతూ, ఎక్కడినుంచో నవ్వు మొదలైంది. ఆపాలన్నా ఆగలేదు.

లోపలికి వస్తే తౌనో కాఫీ పోసి పెట్టాడు. తారు లాంటి కాఫీ. చెంచా నిలబెడితే నిలబడేట్టుంది. అందరూ కూచుని ఉన్నారు. అయిలి తువ్వాలు చుట్టుకుని, వెనక్కి తగ్గితే మళ్లీ ధైర్యం రాదని, నిలబడే చెప్పేసింది.

"మీ అందరికీ ఒకటి చెప్పాలి. ఇవాళే మొదటిసారి దిగాను. ఈ పదకొండేళ్లూ..."

"తెలుసు," అన్నాడు తౌనో.

"తెలుసా?"

"నీ చెప్పులు," అంది ఇర్మెలి. "మా అందరి చెప్పులకీ అడుగున మంచు కడుతుంది. తలుపు దగ్గర విడిస్తే కరిగి మడుగులవుతుంది. నీవి పదకొండేళ్లుగా పొడిగా ఉన్నాయి. మంగళవారం వాళ్లూ అదే అన్నారు. ఒకసారి దుకాణంలో కలిసినప్పుడు మాట్లాడుకున్నాం."

"మరి నన్నెందుకు అడగలేదు?"

గదిలో వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఇది నిజంగా వాళ్లకి అర్థంకాని ప్రశ్న.

"అడిగితే నువ్వు చెప్పాల్సొస్తుంది," అన్నాడు తౌనో మెల్లగా. "చెప్పాక సిగ్గుపడి రావడం మానేస్తావు. మాకు తెలిసింది రెయినో పోయిన ఏడాదే. అప్పుడు అడగడమేంటి?" కాఫీ ఒక గుక్క తాగి, మొహం వంకర పెట్టి, కప్పు కింద పెట్టాడు. "పైగా ఈ కాఫీ మేం కాచుకోవాలి."

అయిలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పదకొండేళ్లు ఆమె దాచిన రహస్యం, వాళ్లందరూ ఆమె కంటే జాగ్రత్తగా దాచారు. ఇంత గొప్ప మోసగత్తెనని లోపల్లోపల కొంచెం గర్వపడ్డ రోజులు కూడా ఉన్నాయి. ఆ గర్వం కూడా చెప్పుల దగ్గరే పోయింది.

"అయితే నిన్న పేజీ రాయమన్నప్పుడు, 'దిగేవాళ్లకే తెలుసు' అన్నావెందుకు?" అంది తౌనోతో. అక్టోబరు ఆమెకి నిన్నలాగే ఉంది.

"రాస్తూ రాస్తూ దిగుతావేమోనని," అన్నాడు తౌనో. "మూడు నెలలు పట్టింది."

మార్కెత్తా అందరినీ మార్చి మార్చి చూసింది. "మీరంతా ఒకరితో ఒకరు ఎలా బతుకుతున్నారమ్మా?" అంది.

ఇర్మెలి ఆమె కప్పులో ఇంకొంచెం కాఫీ పోసింది.

ఆ వారం అయిలి వంటింటి బల్ల దగ్గర కూచుని పదిహేనులో పద్నాలుగు చెరిపేసింది. సూదులూ తియ్యరొట్టే పోయాయి. అరవకూడదన్నదీ పోయింది. ఏడోదాన్ని మాత్రం అక్షరం కూడా మార్చలేదు. మార్చాల్సిన అవసరం రాలేదు. దాని కింద మార్కెత్తా పంపిన ప్రశ్నలు పెట్టింది. పదకొండు పంపింది ఆ మహాతల్లి, అన్నీ నిజంగా అడిగినవే. 'మొదటిసారి ఎలా ఉంటుంది?' అన్నదానికి జవాబు రాయడానికి ఒక్క నిమిషం పట్టింది: 'అరుస్తారు. ఇంటి తాళం గుర్తొస్తుంది. తర్వాత నవ్వొస్తుంది, ఎందుకో తెలీదు.'

మంగళవారం సాయంత్రం ఆమె మళ్లీ దిగింది. ఎవరూ చెప్పలేదు, తనే దిగింది. ఆరు సెకన్లు. అరుపు కొంచెం తగ్గింది. లోపలికొచ్చి చెప్పులు విడిచింది. ఎప్పుడూ గోడ వారన పెట్టేది, ఇవాళ గది మధ్యలో, దీపం సరిగ్గా పడేచోట పెట్టింది. అడుగున కట్టిన మంచు మెరుస్తోంది. కాసేపటికి కరిగి చిన్న మడుగయింది. గుడ్డ పక్కనే ఉన్నా తుడవలేదు. కాఫీ పోస్తూ, ఎవరైనా అడుగుతారేమోనని ఓరకంట చూస్తూ కూచుంది. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకుంది, పొట్టిగా, గర్వం కనపడకుండా.

మంగళవారం జట్టు ఒక్కొక్కరే లోపలికొచ్చారు. చెప్పులు చూశారు. నీళ్లు చూశారు. తొక్కకుండా పక్కనుంచి నడిచి, బల్ల దగ్గరికొచ్చి కప్పులు అందుకున్నారు.

"ఈ కాఫీ ఇవాళ్టిదేనా?" అని అడిగాడు ఒకాయన.